ఎడారి మేతభూమి మట్టి ప్రొఫైల్: క్యాల్సిడా, ఆర్జిడా, అసలు ఎంటిసోలా?

మట్టిపెళ్ల (బాపట్ల)

అందరికీ నమస్కారం. అమెరికా 'సాయిల్ టాక్సానమీ' పద్ధతిలో నేలల వర్గీకరణ సాధన కోసం ఇచ్చిన ఒక పత్రం ఇది. అందులో ఎడారి నేలలు ఆరిడిసోల్స్: బంక పేరుకుంటే ఆర్జిడ్స్, సున్నం పేరుకుంటే క్యాల్సిడ్స్, కాస్త మాత్రమే మారితే క్యాంబిడ్స్. పొరలు పెద్దగా ఏర్పడని కుర్ర నేలలు ఎంటిసోల్స్. అంకెలు సాధనకు కూర్చినవే, ఫలానా చోట తవ్విన గుంటవి కావు. జైసల్మేర్ వైపు సేవణ్ గడ్డి మేతభూమి అనుకోమన్నారు. ఏడాది వాన 180 మి.మీ., వాలు 1 నుంచి 2 శాతం, పైన పలచగా గాలి ఇసుక. పొరల పేర్లలో ఏ అంటే పైపొర, బీడబ్ల్యూ కాస్త మారిన మధ్యపొర, బీకే సున్నం పేరుకున్న పొర, సీ పెద్దగా మారని అడుగు మట్టి.

ఏ పొర, 0–12 సెం.మీ.: ఇసుక 84, సిల్టు (ఇసుకకూ బంకకూ మధ్య సైజు రేణువులు) 10, బంక 6, సున్నం (కాల్షియం కార్బొనేట్) 1 శాతం, సేంద్రియ కర్బనం 0.15, రంగు పొడిగా మన్సెల్ రంగుల పట్టికలో 10వైఆర్ 6/4
బీడబ్ల్యూ, 12–45: ఇసుక 78, సిల్టు 12, బంక 10, సున్నం 3, సీఈసీ (ధనాయాన్లను పట్టుకునే సామర్థ్యం) 5.2
బీకే1, 45–80: ఇసుక 74, సిల్టు 14, బంక 12, సున్నం 12, మెత్తటి తెల్ల సున్నపు ముద్దలు ఘనపరిమాణంలో 8 శాతం, సీఈసీ 6.6
బీకే2, 80–120: ఇసుక 79, సిల్టు 11, బంక 10; సున్నం 9; సున్నపు గులకలు 4 శాతం; సీఈసీ 5.0
సీ, 120–150: ఇసుక 85, సిల్టు 10, బంక 5, సున్నం 4

పీహెచ్ 8.3 నుంచి 8.6. ఈసీ (ఉప్పు కొలత) ఎక్కడా 2 దాటలేదు. ఈఎస్‌పీ (సోడియం వాటా) 4 నుంచి 9 శాతం.

క్యాల్సిక్ (సున్నం పేరుకున్న) పొరకు 15 శాతం సున్నం కావాలి కదా, ఇక్కడ 12 దగ్గరే ఆగింది. అందుకని టిపిక్ హాప్లోక్యాంబిడ్స్ (మామూలు క్యాంబిడ్) అని రాశాను. సరేనా?

కృష్ణఇసుక (విజయవాడ)

నాకైతే ఇది టోరిప్సమ్మెంట్ (ఎడారి ఇసుక నేల, ఎంటిసోల్‌లో ఒక రకం) అనిపిస్తోంది. 75, 80 శాతం ఇసుక ఉంటే ఇక ఆరిడిసోల్ ఏమిటి? ఎడారి ఇసుక అంతా ఎంటిసోలే కదా.

నల్లరేగడి (గుంటూరు)

ఇద్దరికీ ఒక్కో సవరణ.

ముందు కృష్ణఇసుక గారికి. ఇసుక శాతం ఒక్కటే చూసి సమ్మెంట్ (ఇసుక ఎంటిసోల్) అనకూడదు, టెక్స్చర్ తరగతి (ఇసుక, సిల్టు, బంక పాళ్లను బట్టి వచ్చే పేరు) లెక్కగట్టాలి. సిల్టుకు బంక రెట్టింపు కలపండి. మొత్తం 30 లోపు ఉంటే లోమీ శాండ్ వైపు, 30 లేదా అంతకు మించితే శాండీ లోమ్ వైపు. ఏ పొరలో 10 + 12 = 22, కాబట్టి లోమీ శాండ్. బీడబ్ల్యూలో 12 + 20 = 32, శాండీ లోమ్. బీకే1లో 14 + 24 = 38, బీకే2లో 31. అంటే 12 నుంచి 120 సెం.మీ. దాకా శాండీ లోమే. సమ్మెంట్ కావాలంటే 25–100 సెం.మీ. మధ్య ప్రతి పొరా లోమీ ఫైన్ శాండ్ లేదా అంతకన్నా ముతకగా ఉండాలి. ఇక్కడ ఆ మాటే లేదు.

దీనికి తోడు ఇంకో నియమం గుర్తుంచుకోవాలి. క్యాంబిక్ పొరకు (క్యాంబిడ్‌కు గుర్తైన, కాస్త మారిన మధ్యపొరకు) టెక్స్చర్ అర్హత ఉంది: వెరీ ఫైన్ శాండ్, లోమీ వెరీ ఫైన్ శాండ్ లేదా అంతకన్నా మెత్తన. రంగు మారిందని ముతక ఇసుక పొరకు బీడబ్ల్యూ అని పేరు పెట్టినా అది క్యాంబిక్ కాదు. థార్ ఇసుక దిబ్బల మీది నేలలు ఎంటిసోల్‌లోనే ఉండిపోవడానికి సగం కారణం అదే.

ఇక మట్టిపెళ్లా, నీ 15 శాతం సంగతి. క్యాల్సిక్‌కు మందం 15 సెం.మీ. తప్పనిసరి. సున్నానికి మాత్రం మూడు దారులున్నాయి. మొదటిది, 15 శాతం ఉండి, కింది పొరకన్నా 5 పాయింట్లు ఎక్కువ ఉండటం. రెండోది, 15 శాతం ఉండి, మట్టిలోనే కొత్తగా పేరుకున్న సున్నం ఘనపరిమాణంలో 5 శాతం కంటికి కనపడటం. అందరూ మరిచేది మూడోది. బంక 18 శాతం లోపు ఉండి, రేణు తరగతి శాండీ గానీ కోర్స్-లోమీ (ముతక లోమ్) గానీ అయితే (రాళ్లు ఎక్కువున్న వాటి జోడీలు కూడా), సున్నం 5 శాతమే చాలు. దాంతోపాటు కంటికి కనపడే ముద్దలు 5 శాతమైనా ఉండాలి, లేదా కింది పొరకన్నా 5 పాయింట్లు ఎక్కువైనా ఉండాలి.

నీ బీకే1లో సున్నం 12, ముద్దలు 8, కింద సీ పొరలో 4. మందం 35 సెం.మీ. క్యాల్సిక్ అయిపోయింది. క్యాంబిడ్ కొట్టేయి.

మట్టిపెళ్ల (బాపట్ల)

అర్థమైందండీ. మరి బీకే2? గులకలు 4 శాతమే, సున్నం 9, సీలో 4. తేడా సరిగ్గా 5.

పొరలలెక్క (విజయవాడ)

బీకే2 ల్యాబ్ చేతిలో ఉంది. సున్నం శాతానికి మనవాళ్లు ఎక్కువగా చేసేది టైట్రేషన్: 5 గ్రాముల మట్టి, 100 మి.లీ. ఒక నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, మధ్యమధ్య కలుపుతూ గంట ఉంచడం, పైతేటలోంచి 20 మి.లీ. తీసి ఒక నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో కొలవడం. మట్టి లేని బ్లాంక్ రీడింగ్‌లోంచి మట్టి రీడింగ్ తీసేసి 5తో గుణిస్తే సున్నం శాతం.

ఆ 5తో గుణించడంలోనే గొడవంతా. బ్యూరెట్‌లో 0.2 మి.లీ. తప్పితే 1 శాతం మారిపోతుంది. 9 కాస్తా 8 అయితే తేడా 4, ఇక బీకే2 క్యాల్సిక్ కాదు. సరిహద్దు పొర అనిపిస్తే మూడుసార్లు చేయండి, లేదా వాయువు పీడనం కొలిచే క్యాల్సిమీటర్‌తో సరిచూసుకోండి. యాసిడ్ పద్ధతిలో సున్నంతో పాటు యాసిడ్‌ను తినే ఇతర ఖనిజాలూ లెక్కలోకి వస్తాయి. అందుకే దాన్ని 'సున్నానికి సమానం' అని రాస్తారు.

ఇంకో తప్పు రోకటి దగ్గర జరుగుతుంది. 2 మి.మీ. జల్లెడకు ముందు మట్టిని దంచేటప్పుడు మెత్తటి గులకలు కూడా పొడై మెత్తమట్టిలో కలిసిపోతాయి, సున్నం శాతం లేనిపోనిదిగా పెరుగుతుంది. చెక్క సుత్తితో పెళ్లలు మాత్రమే విడగొట్టాలి. జల్లెడ మీద మిగిలిన గులకలు కడిగి, ఆరబెట్టి, విడిగా తూచి రాసుకోవాలి.

నీ పత్రంలో బీకే1 ఒక్కటే చాలు కాబట్టి పేరు మారదు. బీకే2 తేలకపోయినా నష్టం లేదు.

కృష్ణఇసుక (విజయవాడ)

ఒక ప్రాథమిక సందేహం. సూర్యలంక దగ్గర ఇసుక, జైసల్మేర్ ఇసుక, రెండూ ఇసుకే. ఒకటి ఎడారి నేల, ఇంకోటి కాదు. వాన తేడాతోనే పేరు మారుతుందా?

నల్లరేగడి (గుంటూరు)

వాన కాదు, మట్టిలో తేమ. కొలిచేది కూడా పైపొరలో కాదు, 'తేమ నియంత్రణ భాగం' అనే మధ్య భాగంలో. దాని పై అంచు: పొడి మట్టి మీద 2.5 సెం.మీ. నీరు పోస్తే 24 గంటల్లో ఎంత లోతు తడుస్తుందో అది. కింది అంచు: 7.5 సెం.మీ. నీరు 48 గంటల్లో తడిపే లోతు. ఫైన్-లోమీ నేలలో ఇది సుమారు 10–30 సెం.మీ., కోర్స్-లోమీలో 20–60, ఇసుకలో 30–90.

మామూలు సంవత్సరాల్లో, 50 సెం.మీ. లోతున ఉష్ణోగ్రత 5 డిగ్రీలు మించి ఉండే రోజుల్లో సగానికి పైగా ఆ భాగం పూర్తిగా ఎండి ఉండాలి. 8 డిగ్రీలు మించి ఉన్న కాలంలో ఆ భాగంలో ఎక్కడైనా సరే, తడి వరసగా 90 రోజుల పాటు నిలిచి ఉండకూడదు. అదే అరిడిక్. ఎంటిసోల్ పేర్లలో దాన్నే టోరిక్ అంటారు. బాపట్ల తీరానికి రెండు రుతుపవనాల వాన అందుతుంది, తడి అంతకన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. అందుకే బాపట్ల ఇసుక ఉస్టిప్సమ్మెంట్ వైపు, జైసల్మేర్ దిబ్బల ఇసుక టోరిప్సమ్మెంట్ వైపు.

సున్నపు గులకలున్నంత మాత్రాన ఎడారి కాదని కూడా చెప్పాలి. మన గుంటూరు నల్లరేగడిలో తవ్వితే గులకలు దొరుకుతూనే ఉంటాయి. అవి వర్టిసోల్స్ (ఎండితే పగుళ్లిచ్చే బంక నేలలు).

జమ్మికొమ్మ (గుంటూరు)

ఆ ఇసుక సంగతి గడ్డి వైపు నుంచి చెబుతాను. మనకు తేమ ప్రాంతంలో అలవాటైన లెక్క: బంకమన్ను నీరు పట్టుకుంటుంది, ఇసుక వదిలేస్తుంది, కాబట్టి బంకమన్నే మేలు. ఎడారిలో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ నీటిని పోగొట్టేది లోతుకు జారడం కాదు, పైనుంచి ఆవిరవడం. 20 మి.మీ. వాన బంక నేలలో పైపైనే నిలిచి త్వరగా ఎగిరిపోతుంది. ఇసుకలో అదే వాన లోతుకు దిగుతుంది, పైన ఎండిన ఇసుక మూతలా కాపాడుతుంది. సేవణ్ లోతు వేళ్లకు కావలసింది అదే. అంజన్ గడ్డి కాస్త మెత్తటి నేలలోనూ నిలబడుతుంది. ఇలా తిరగబడటాన్ని 1973లో ఇజ్రాయెల్ పర్యావరణ శాస్త్రవేత్త ఇమ్మానుయేల్ నోయ్-మెయిర్ వివరించాడు.

అందుకే 45 సెం.మీ. దగ్గర మెత్తటి క్యాల్సిక్ పొర ఉండటం చెడ్డ కబురు కాదు. వేళ్లు దాన్ని దాటుకుపోతాయి. గట్టిపడి పెట్రోక్యాల్సిక్ అయితేనే చిక్కు: పగుళ్లు 10 సెం.మీ. లేదా అంతకన్నా దూరదూరంగా ఉంటే వేళ్లకు ఆ పగుళ్లే దారి. అన్నట్టు, మనం దసరాకు పూజించే జమ్మి చెట్టే అక్కడి ఖేజ్రీ. దాని తల్లివేరు ఎంత లోతు పోతుందో చూస్తే, నేల పేరులో గట్టిపొర గురించి ఇంత పట్టింపు ఎందుకో తెలుస్తుంది.

మట్టిపెళ్ల (బాపట్ల)

గట్టిపొర పెట్రోక్యాల్సికా, సిలికాతో గట్టిపడిన డ్యూరిప్యానా అని గుంట దగ్గరే ఎలా తేలుస్తారు?

నల్లరేగడి (గుంటూరు)

నాలుగైదు ముక్కలు గాలికి ఆరబెట్టు. ముందు నీళ్లలో రాత్రంతా వెయ్యి. విచ్చుకుంటే అది గట్టిపొరే కాదు, ఎండిన మట్టి. విచ్చుకోకపోతే యాసిడ్‌లో వెయ్యి. పొంగి కరిగితే గట్టిపరచింది సున్నం. పొంగు ఆగాక కూడా సగానికి పైగా ముక్కలు అలాగే నిలిస్తే సిలికా అని అనుమానించాలి. అవి చిక్కటి క్షారంలో వేడి చేస్తే విడిపోతాయి, కానీ ఆ పని ల్యాబ్‌లోనే, కళ్లద్దాలు పెట్టుకుని.

సున్నం ఎంత ముదిరిందో చెప్పడానికి గైల్, పీటర్సన్, గ్రాస్‌మన్ అనే నేల శాస్త్రవేత్తలు 1966లో ఇచ్చిన నాలుగు దశలు ఇప్పటికీ వాడతారు. న్యూమెక్సికోలో లాస్ క్రూసెస్ దగ్గరి ఎడారిలో చేసిన పని అది. మొదటి దశలో సన్నటి దారాలు, లేదా గులకరాళ్ల అడుగున పలచటి పూత. రెండులో ముద్దలు, గులకలు. మూడులో పొరంతా సున్నంతో పూడుకుపోతుంది. నాలుగులో దాని మీద పలకలా పొర కడుతుంది. నీ బీకే1, బీకే2 రెండో దశ.

పొరలలెక్క (విజయవాడ)

యాసిడ్ గురించి: పొలం సీసాలోకి ఒక మోలార్ చాలు. పదకొండు పాళ్ల నీళ్లలో ఒక పాలు చిక్కటి యాసిడ్. యాసిడ్‌నే నీళ్లలోకి పోయాలి, నీళ్లను యాసిడ్‌లోకి కాదు. ఇంకా చిక్కగా తీసుకెళితే కొంచెం సున్నమున్న పొర కూడా భీకరంగా పొంగి మోసం చేస్తుంది. పొంగు బలం నుంచి శాతం అంచనా వేయకండి. మెత్తటి పొడి సున్నం 3 శాతమే ఉన్నా బాగా పొంగుతుంది, గట్టి గులక నెమ్మదిగా పొంగుతుంది.

ఎడారి మట్టి మన ల్యాబుల్లోకి వస్తే అలవాటుగా చేసే పనులు కొన్ని తప్పుతాయి. జిప్సం ఉంటే 105 డిగ్రీల ఓవెన్ పనికిరాదు. జిప్సం బరువులో దాదాపు 21 శాతం స్ఫటిక నీరు, అది కూడా పోయి తేమ లెక్క పెరిగిపోతుంది. 60 డిగ్రీల లోపు ఎక్కువసేపు ఆరబెట్టాలి. హైడ్రోమీటర్ జాడీలో జిప్సం గానీ ఉప్పు గానీ ఉంటే బంక తేలియాడకుండా గడ్డలు కట్టి కిందికి దిగిపోతుంది, బంక శాతం తక్కువ వస్తుంది. పైన నీరు పది నిమిషాల్లో తేటపడితే అదే గుర్తు. ముందే నీటితో కడిగి ఉప్పు పోగొట్టి మళ్లీ మొదలుపెట్టాలి. ఇసుక మట్టికి 50 గ్రాములు చాలవు, 100 తీసుకోవాలి.

క్లోరైడ్ ఉన్న మట్టిలో వాక్లీ-బ్లాక్ పద్ధతి సేంద్రియ కర్బనాన్ని ఎక్కువ చూపిస్తుంది. అసలు 0.15 ఉన్నచోట ఆ తప్పు చిన్నది కాదు. సిల్వర్ సల్ఫేట్ కలిపితే సర్దుకుంటుంది. సీఈసీకి అమ్మోనియం అసిటేట్ వాడితే సున్నం కొంత కరిగి కాల్షియం లెక్కలోకి వస్తుంది, క్షారాల మొత్తం సీఈసీనే దాటిపోతుంది. సున్నపు నేలకు పీహెచ్ 8.2 సోడియం అసిటేట్ మేలు.

నల్లరేగడి (గుంటూరు)

పేరు ఇంకా పూర్తి కాలేదు. ఏ నుంచి బీడబ్ల్యూకు బంక 6 నుంచి 10కి ఎక్కింది. దాని గురించి ఎవరూ అడగలేదు.

పైపొరలో బంక 15 శాతం లోపు ఉంటే, కింద 3 పాయింట్లు ఎక్కువ ఉన్నా అర్జిల్లిక్‌కు (పైనుంచి దిగిన బంక పేరుకున్న పొరకు) సరిపోతుంది, ఆ పెరుగుదల 30 సెం.మీ. లోపే జరగాలి. ఇక్కడ 4 పాయింట్లు. అంకె ఒప్పుకుంది. కానీ అంకె చాలదు, బంక పైనుంచి దిగి పేరుకుందనడానికి సాక్ష్యం కావాలి. ఇసుక మట్టిలో ఆ సాక్ష్యం ఇసుక రేణువుల మధ్య బంక కట్టిన వారధులు. లేదా రంధ్రాల గోడల మీద పూత, పెళ్ల ముఖాల మీద పూత, పలుచని కోతలో సూక్ష్మదర్శిని కింద 1 శాతం మించి వరస కట్టిన బంక.

ఇది ఎందుకు ముఖ్యమంటే, వర్గీకరణ కీలో (వరసగా చూసుకుంటూ పేరు తేల్చే పట్టికలో) ఆరిడిసోల్ ఉపవర్గాల వరస క్రయిడ్స్, సాలిడ్స్, డ్యూరిడ్స్, జిప్సిడ్స్, ఆర్జిడ్స్, క్యాల్సిడ్స్, క్యాంబిడ్స్. ఆర్జిడ్స్ ముందొస్తుంది. అర్జిల్లిక్ తేలితే, క్యాల్సిక్ ఎంత బాగున్నా క్యాల్సిడ్ దాకా వెళ్లవు. 100 సెం.మీ. లోపు పెట్రోక్యాల్సిక్ ఉంటేనే ఆర్జిడ్స్ వదిలేసి కిందికి దిగుతావు.

కృష్ణఇసుక (విజయవాడ)

పైన గాలి ఇసుక వచ్చి పడిందేమో. అలా అయితే ఏ పొరలో బంక తక్కువ ఉండటం కింద పేరుకోవడం వల్ల కాదు కదా?

పొరలలెక్క (విజయవాడ)

మంచి ప్రశ్న. దీనికి బంకను పక్కన పెట్టి ఇసుక, సిల్టు నిష్పత్తి చూస్తారు, బంక కదులుతుంది కానీ ఇసుక కదలదు కాబట్టి. ఇసుకను ఇసుక, సిల్టుల మొత్తంతో భాగిస్తే ఏలో 89, బీడబ్ల్యూలో 87, బీకే1లో 84, బీకే2లో 88, సీలో 89 శాతం. ఐదు పాయింట్ల వంపు, అదీ మెల్లగా. ఇంత చిన్న తేడాతో రెండు వేరువేరు నిక్షేపాలని చెప్పలేం. ఇసుకను ముతక, మధ్యస్థ, సన్న, అతిసన్న అని జల్లెడ పట్టి ఉంటే ఇంకా గట్టిగా చెప్పొచ్చు. పత్రంలో ఆ అంకెలు లేవు.

నల్లరేగడి (గుంటూరు)

దీనికి జోడించాలి: కొత్త ఇసుక కప్పు 50 సెం.మీ. లేదా అంతకన్నా మందంగా ఉంటే కింది నేల 'పూడుకుపోయిన నేల' అవుతుంది, వర్గీకరణ కొత్త కప్పుకే. కదిలే దిబ్బ అంచున 40 సెం.మీ. ఇసుక పడ్డ గుంట ఆరిడిసోల్‌గా, 60 పడ్డ గుంట ఎంటిసోల్‌గా తేలడం ఇందువల్లే. ఇక్కడ 12 సెం.మీ. మాత్రమే, ఇబ్బంది లేదు.

మట్టిపెళ్ల (బాపట్ల)

క్షమించాలి, పత్రానికి రెండో పేజీ ఉంది, అది ఇక్కడ ఎక్కించలేదు. బీడబ్ల్యూ దగ్గర ఇలా ఉంది: '10 రెట్ల భూతద్దంలో ఇసుక రేణువుల మధ్య పలచటి బంక వారధులు, పొర అంతటా. బీకే1 పైభాగంలోనూ కొన్ని, సున్నం వల్ల అస్పష్టం.' అంటే కథ మారినట్టేనా?

నల్లరేగడి (గుంటూరు)

మారింది. బీడబ్ల్యూ చెరిపి బీటీ (బంక పేరుకున్న పొర) రాయి. బీకే1ను బీటీకే అనొచ్చు. స్ఫటికంగా పెరిగే సున్నం బంక పూతలను చీల్చి చెరిపేస్తుంది, కాబట్టి అక్కడ అస్పష్టంగా ఉండటం సహజమే. ఇప్పుడు అర్జిల్లిక్ ఉంది, పెట్రోక్యాల్సిక్ లేదు, కాబట్టి ఆర్జిడ్స్. 150 సెం.మీ. లోపు క్యాల్సిక్ ఉంది, కాబట్టి క్యాల్సిఆర్జిడ్స్. గులకలు 20 శాతం ఉంటే పెట్రోనోడిక్ అనేవాళ్లం, నీకు 4. టిపిక్.

పొరలలెక్క (విజయవాడ)

ఫ్యామిలీ (పేరు ముందు చేర్చే రేణు, ఖనిజ, ఉష్ణోగ్రత తరగతులు) లెక్క కూడా మారుతుంది. క్యాల్సిడ్‌కైతే 25–100 సెం.మీ. చూసేవాళ్లం. అర్జిల్లిక్ ఉంటే దాని పై 50 సెం.మీ., అంటే 12 నుంచి 62. బంక: 33 సెం.మీ.కు 10, 17 సెం.మీ.కు 12, సగటు 10.7. సీఈసీ సగటు 5.68. సీఈసీని బంకతో భాగిస్తే 0.53. ఈ నిష్పత్తి 0.40 నుంచి 0.60 మధ్య ఉంటే యాక్టివ్. బంక 18 లోపు కాబట్టి కోర్స్-లోమీ. బంక పరిమాణంలో ఉన్న సున్నాన్ని ఈ లెక్కలో సిల్టుగా చూడాలని మరవద్దు, సున్నం పోగొట్టకుండా కొలిచిన బంక అయితే 10.7 ఇంకా తగ్గుతుంది, నిష్పత్తి పెరిగి సూపర్‌యాక్టివ్ దాకా పోవచ్చు.

జమ్మికొమ్మ (గుంటూరు)

ఈ పత్రంతో ఎవరైనా నిజంగా మేతభూమిలోకి వెళితే, గుంట తవ్వకముందే పైన చూడవలసినవి రెండు. ఒకటి, నల్లగా, గరుకుగా ఉండే జీవపు పొర. సయనోబాక్టీరియా దారాలు ఇసుకను అల్లి పట్టుకుంటాయి. పశువుల డెక్కలు ఎండలో తొక్కితే ఇది పొడైపోతుంది. రెండు, దాని కిందో, పరచుకున్న గులకరాళ్ల కిందో బుడగలు బుడగలుగా ఉండే రెండు మూడు సెం.మీ. పొర. పైనుంచి పడిన దుమ్ముతో ఏర్పడుతుంది, ఆ బుడగలు ఒకదానికొకటి కలవవు, అందుకే నీరు ఇంకదు. పారతో మొదటి తట్ట తీసేలోపు ఈ రెండూ పోతాయి, కత్తితో అరచేయంత పెళ్ల ముందే కోసుకోండి.

మట్టిపెళ్ల (బాపట్ల)

చివరికి రాసింది: కోర్స్-లోమీ, మిక్స్‌డ్, యాక్టివ్, హైపర్‌థర్మిక్ టిపిక్ క్యాల్సిఆర్జిడ్స్. హైపర్‌థర్మిక్ ఎందుకంటే 50 సెం.మీ. లోతున సగటు 22 డిగ్రీలు దాటుతుంది, ఎండాకాలం చలికాలం తేడా 6 మించుతుంది. మిక్స్‌డ్ (ఏ ఒక్క ఖనిజమూ ప్రధానం కాని మిశ్రమం) అని మాత్రం ఊహించి పెట్టాను.

నల్లరేగడి (గుంటూరు)

ఖనిజాల పరీక్ష లేకుండా మిక్స్‌డ్ రాస్తే పక్కన 'అంచనా' అని గుర్తు పెట్టు. సున్నం 12 శాతమే కాబట్టి కార్బొనాటిక్ కాదని గట్టిగా చెప్పొచ్చు, దానికి 40 దాటాలి. కానీ ఇసుకలో క్వార్ట్జ్ 90 శాతం మించితే సిలీషియస్ అవుతుంది. గాలి ఇసుకలో అది సాధ్యమే. 0.02 నుంచి 2 మి.మీ. రేణువులు సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టించు. అది వచ్చేదాకా పెన్సిల్‌తోనే ఉంచు.